మా ఆవిడ పిస్టల్ మొరాయించిన చలికాలం

ఫ్రిస్కో ఊరికి కాస్త ఉత్తరాన, హైవే పక్కన, మాకో గ్యాస్ స్టేషనూ దాన్ని ఆనుకుని చిన్న స్టోరూ ఉండేవి. ఆ ఏడాది ఎండాకాలం చివర్లో ఒక సాయంత్రం మా ఆవిడ కౌంటర్లో ఉండగా నలుగురు దొంగలు తుపాకులతో వచ్చిపడ్డారు. నేను వాళ్ళని ఒంటిచేత్తో పార్కింగ్ లాట్ దాటేదాకా తరిమాను.

ఈ సంగతి గుడిలో ప్రసాదం క్యూలో చెప్పాను, పుట్టినరోజు పార్టీల్లో చెప్పాను, పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉండి కూడా సగం చెప్పాను. రాతలో మాత్రం అంత సులువుగా రావడం లేదు. నలుగురు కాదు, ఒక్కడే. తుపాకీని కూడా ఎవరూ చూడలేదు. వాడి చెయ్యి జాకెట్ జేబులో ఉంది, జేబు ఉబ్బెత్తుగా ఉంది, అంతే. డ్రాయర్లో ఉన్నదీ, చేతికందిన సిగరెట్ కార్టన్లూ పట్టుకుపోయాడు. నేనా? వెనక కూలర్ గదిలో పాలడబ్బాలు సర్దుతున్నాను. ఆ ఫ్యాన్ల హోరులో నాకేమీ వినపడలేదు. చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి మా ఆవిడ క్యాష్ డ్రాయర్ని లోపలికి తోస్తోంది. అది అప్పటికే మూసి ఉంది. అయినా తోస్తూనే ఉంది.

ఆ తర్వాత తలుపు గంట మోగితే చాలు, ఆవిడ చేతులు వణికేవి. చిల్లర నేలమీద పడేది. స్టోర్ అమ్మేద్దామంటే ఒప్పుకోదు. కౌంటర్లో జీతానికి ఎవరినైనా పెడదామంటే, "మన కొట్లో మనం కూర్చోలేకపోతే ఇంకెందుకండీ?" అంటుంది. చివరికి తనే ఒకరోజు కాఫీ కలుపుతూ అంది. "ఏమండీ, ఒక పిస్టల్ కొనండి. నా చేతికి సరిపోయేది. అది పక్కనుంటే కూర్చోగలనేమో చూస్తాను."

అలా కొన్నాం. అరచేతిలో ఇమిడేంత చిన్నది, కొత్తది, నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. గురి సాధన చేసే రేంజ్‌కి తీసుకెళ్ళాం. అదొక రేకుల షెడ్డు, ముందు మట్టిదిబ్బ, దిబ్బకి కాగితాలు తగిలించి ఉంటాయి. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో నన్ను మించిన గురికాడు జిల్లాలో లేడని ఆవిడకి దారిపొడుగునా చెప్పాను. నిజానికి ఎన్‌సీసీలో నేను బోర్లా పడుకుని రైఫిల్ పేల్చింది ఒక్కసారి. అదీ పక్కవాడి టార్గెట్‌కి తగిలింది, వాడికి మెచ్చుకోలు దక్కింది. అయినా ఆ రోజు ఎండలో ఆ పిస్టల్ చక్కగా పేలింది. ఆవిడ కూడా పేల్చింది. కాగితానికి పడిన చిల్లుల్లో ఎవరివి ఎక్కువో నేను రాయను.

దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజకి ఏటా కారు, డ్రిల్లింగ్ మిషను, గడ్డి కోసే మిషను, ఆవిడ కుట్టుమిషను కూర్చుంటాయి. ఈసారి వాటి మధ్య నిజమైన ఆయుధం చేరింది. తూటాలు లేవని నేను రెండుసార్లు చూసి ఇచ్చాక, ఆవిడ తన కుట్టుమిషనుకి ఏటా చేసినట్టే పిస్టల్‌కీ శుభ్రంగా కొబ్బరినూనె పట్టించి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. మ్యాగజైన్లు రెండు వచ్చాయి దాంతో. మ్యాగజైన్ అంటే తూటాలు పేర్చే సన్నటి డబ్బా. అడుగున స్ప్రింగ్ ఉండి ఒక్కో తూటానీ పైకి తోస్తూ ఉంటుంది. వాటికీ నూనె, వాటికీ బొట్లు.

"పైపైన కాదు, లోపలికి కూడా దిగాలి నూనె," అన్నాను నేను, ఎన్‌సీసీ హోదాలో.

తర్వాత చలి వచ్చేదాకా రేంజ్ ముఖం చూడలేదు. థాంక్స్‌గివింగ్ పండగ ముందు ఒక ఉదయం, మా పక్కింటాయనతో కలిసి వెళ్ళాను. ఆయనది కరీంనగర్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తుపాకుల మీద వీడియోలన్నీ చూసేశాడు. ఒక తూటా పేలింది. రెండోది మ్యాగజైన్ లోంచి సగం పైకొచ్చి, ముక్కు పైకెత్తుకుని, గొట్టంలోకి ఎక్కకుండా అడ్డంపడింది. తీసేశాను. మళ్ళీ ఒకటి పేలింది, మళ్ళీ ఇంకొకటి అడ్డంపడింది.

"గట్ల కాదు అంకుల్," అన్నాడాయన. "మీ రిస్ట్ లూజ్ అయితున్నది. గట్టిగ పట్టాలె. చెయ్యి ఎన్కకి ఊగితే తూటా సక్కగ ఎక్కదు."

"నా మణికట్టు లూజా? ఈ చేత్తో నేను ఎడ్లబండి ఆపాను తెలుసా?"

ఎడ్లబండి ఆగిన మాట నిజం. ఎడ్లకి అలుపొచ్చి ఆగాయి.

ఆయన తీసుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, పళ్ళు బిగించి పేల్చాడు. రెండో తూటా ముక్కు పైకెత్తింది.

"మీది కూడా లూజేనా బాబూ?"

"తూటాలు మంచివి కాదు అంకుల్. బ్రాండ్ మార్చాలె."

బ్రాండ్ మార్చాం. ముక్కు గుండ్రంగా ఉన్నవి తెచ్చాం, అవైతే జారిపోతాయన్నాడు. జారలేదు. మ్యాగజైన్ మార్చమన్నాడు, రెండోది పెట్టాం. అదీ అంతే. రేంజ్ చూసుకునే గడ్డం పెద్దాయన వచ్చి, స్ప్రింగ్ వేలితో నొక్కి చూసి, కొత్త పిస్టల్ కదా, బిగువుగా ఉంటుంది, ఇంకా కొన్ని పెట్టెలు పేల్చండి, అదే దారికొస్తుందని చెప్పి వెళ్ళిపోయాడు. నా బుర్రలో ఇప్పుడు మణికట్టు, బ్రాండు, స్ప్రింగు మూడూ కలిసి ముద్దైపోయాయి.

అసలు గందరగోళం ఇంటికొచ్చాక మొదలైంది. ఆవిడ స్టోర్లో ఉంది. పొయ్యి మీద కుక్కర్ పెట్టి, పక్కనే గట్టుమీద పిస్టల్ పెట్టుకుని, బొమ్మ తూటాలతో ఆడించి చూద్దామనుకున్నాను. అవి పేలవు, పరీక్ష కోసం అమ్ముతారు. పప్పు ఉడికేదాకా ఆగి మొదలుపెట్టాను. ఒక్కటి కూడా అడ్డంపడలేదు! టకటకా ఎక్కుతున్నాయి, టకటకా బయటపడుతున్నాయి. మర్నాడు ఉదయం రేంజ్‌కి వెళ్తే మళ్ళీ ముక్కులెత్తాయి. ఇంటికొచ్చి, అన్నం వండుతూ చూస్తే మళ్ళీ ఏ అడ్డూ లేదు. ఇంట్లో గడగడా పద్యాలు చెప్పి, తెలుగు సంఘం స్టేజీ ఎక్కగానే నోరు మూసుకునే పిల్లల్ని చూశాను గానీ, అలాంటి పిస్టల్‌ని ఎక్కడా వినలేదు. నేను చూస్తే ఒకలా, పదిమంది చూస్తే ఒకలా. నాలాంటిదే ఏమో అని కూడా అనుకున్నాను.

"ఎలా ఉందండీ?" అని అడిగింది ఆవిడ ఆ సాయంత్రం.

"బ్రహ్మాండం. సైన్యంలో కూడా ఇలాంటిది ఉండదు," అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలీదు. సరే, తెలుసు. మంచిదాన్ని చూసి తెచ్చానని కొన్నరోజే చాటింపు వేశాను, వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. వారంలోగా ఎలాగూ బాగుచేస్తాను, ఈలోపు చెప్పడమెందుకు అనుకున్నాను. ఆవిడ దాన్ని తలుపు పక్కన, కౌంటర్ కింది అరలో పెట్టుకుంది. తలుపు తెరిచినప్పుడల్లా చలిగాలి సరాసరి అక్కడికే కొడుతుంది. రేంజ్‌కి వెళ్ళిన రోజు నేను పట్టుకెళ్ళి, మళ్ళీ సాయంత్రానికి అక్కడే పెట్టేవాణ్ణి.

వింత ఏమిటంటే, ఆవిడ చేతులు వణకడం ఆగిపోయింది. గంట మోగితే తలెత్తి చూసి, "హౌ ఆర్ యూ?" అని పలకరించేది. చిల్లర పడలేదు. ఒక ట్రక్కు డ్రైవరు చెప్పిన జోక్‌కి నవ్వింది కూడా. అరలో ఉన్నది ఒక్క తూటాకి మించి నమ్మరానిదని ఆవిడకి తెలీదు, నాకు తెలుసు. రేపు ఎవడైనా జేబు ఉబ్బించుకుని వస్తే? ఆవిడ దాన్ని నమ్ముకుని చెయ్యి చాపితే? వారం దాటింది. ఇంకో వారం కూడా దాటింది. నేను కూలర్ గదికి వెళ్ళడం మానేసి, కాఫీ మిషను దగ్గర ఊరికే కప్పులు పేరుస్తూ నిలబడేవాణ్ణి.

ఒక శనివారం ఉదయం ఆవిడ తలంటుకి సిద్ధమవుతోంది. నేను టీ తాగుతున్నాను.

"సోమవారం మీ మోకాలి డాక్టరు దగ్గర్నుంచి నాకోసం తొందరపడి రాకండి," అంది. "సాయంత్రం దాకా నేనొక్కదాన్నీ చూసుకుంటాను. ఆయుధం ఉందిగా."

టీ కప్పు బల్లమీద పెట్టేశాను.

"ఇదిగో, నీతో ఒక మాట. అది పనిచెయ్యట్లేదు."

"ఏది, మోకాలా?"

"పిస్టల్. ఒకటి పేలాక రెండోది అడ్డంపడుతోంది. ఎంతమంది చూసినా తేలలేదు."

"ఎప్పట్నుంచి?" అంది.

"చలి మొదలైనప్పట్నుంచి. దసరా తర్వాత."

"అంటే నేను ఇన్నాళ్ళూ దాన్ని పెట్టుకుని కూర్చున్నది..."

"ఇంట్లో బాగానే పనిచేస్తుందే! పొయ్యి పక్కన పెట్టి చూస్తే..."

"పొయ్యి పక్కన," అంది ఆవిడ.

ఆవిడ ముందు గిన్నెలో వేణ్ణీళ్ళున్నాయి. అందులో కొబ్బరినూనె సీసా నిలబెట్టి ఉంది. చలికాలమంతా ఆ సీసా అలాగే నిలబడుతుంది, రోజూ చూస్తూనే ఉంటాను. అంచుల దగ్గర నూనె కరిగి, మధ్యలో తెల్లటి ముద్ద తేలుతోంది. ఇద్దరం దానివైపు చూశాం.

"లోపలికి కూడా దిగాలన్నది ఎవరండీ?" అంది.

పిస్టల్ తెచ్చి, తూటాలన్నీ తీసేసి, గొట్టం ఖాళీగా ఉందని చూసుకుని, బల్లమీద పాత న్యూస్‌పేపర్ పరిచి విప్పాను. మ్యాగజైన్ అడుగు ఊడదీసి స్ప్రింగ్ లాగితే, దాని మెలికల్లో తెల్లగా పేరుకున్న నూనె, అందులో కుంకుమా పసుపూ కలిసి గడ్డకట్టి ఉన్నాయి. స్ప్రింగ్ తూటాని పైకి తోయాలంటే ముందు మా పూజని తోసుకుని రావాలి. రెండో డబ్బాలోనూ అంతే. జిడ్డు వదలగొట్టే మందు వేసి కడిగి, తుడిచి, తుపాకులకి వాడే నూనె ఒక్క చుక్క రాశాను. ఇది నేనే కనిపెట్టానని పక్కింటాయనకి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. మర్నాడు ఆవిడే ఆయన్ని పిలిచి సీసా చూపించింది.

ఆ ఆదివారం చల్లటి గాలిలో రేంజ్‌కి ముగ్గురం వెళ్ళాం. ఆవిడే పేల్చింది. ఒక్కటీ ముక్కెత్తలేదు. పక్కింటాయన చప్పట్లు కొట్టి, "ఆంటీ, మీ రిస్ట్ గట్టిది!" అన్నాడు.

"చూశావా, ఇప్పుడు ఏ బెంగా లేదు," అన్నాను.

"బెంగ పిస్టల్ గురించి కాదండీ," అంది.

సోమవారం ఉదయం స్టోర్లో గంట మోగినప్పుడు ఆవిడ చేతులు మళ్ళీ వణికాయి. నాకు అర్థం కాలేదు. పాడైపోయి ఉన్నన్నాళ్ళూ దాన్ని నమ్మి హాయిగా కూర్చుంది. ఇప్పుడు కళ్ళారా చూసి, చేతులారా పేల్చి కూడా నమ్మలేకపోతోంది. నిజంగా బాగయింది, దేవుడి మీద ఒట్టు అన్నాను. "బ్రహ్మాండం అని చెప్పినప్పుడు కూడా మీ ముఖం ఇలాగే ఉందండీ," అంది కోపం లేకుండా.

డాక్టరుకి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ మార్చుకున్నాను. గిడ్డంగిలోంచి ఒక స్టూల్ తెచ్చి, కౌంటర్ వెనక ఆవిడ పక్కన వేసుకున్నాను. కూలర్ పని పొద్దున్నే, ఆవిడ రాకముందే, ముగించేవాణ్ణి. మోకాలు నొప్పి పుట్టినా సాయంత్రాలు అక్కణ్ణుంచి లేవలేదు. మొదటివారం ఆవిడ నన్ను పట్టించుకోలేదు. తర్వాత, గంట మోగినప్పుడు ఓసారి పక్కకి చూసి, నేనున్నానని చూసుకుని, తలుపువైపు తిరిగేది. చిల్లర పడటం తగ్గింది, పూర్తిగా ఆగడానికి ఎండాకాలం రావలసి వచ్చింది.

ఆవిణ్ణి నిలబెట్టింది నేనేనని అందరికీ చెబుతుంటాను. పిస్టల్ ఏమో, స్టూల్ ఏమో, ఎండ ఏమో, నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ తర్వాతి దసరాకి ఆవిడ పిస్టల్‌ని పూజలో పెట్టలేదు. స్టూల్‌కి మాత్రం ఒక బొట్టు పెట్టింది.