హాస్టలు గదిలో మరువం

బందరు గాలికి మొక్కలంటే కక్ష. సముద్రం మీంచి వచ్చే ఆ ఉప్పుగాలికి హాస్టలు పెరట్లో ఏం వేసినా ఆకుల అంచులు మాడిపోయేవి. గాలి వదిలేసినవాటి సంగతి మేకలు చూసుకునేవి. అందుకే నేను మొక్కల్ని గదిలో పెంచాను. ఇది యుద్ధం రాకముందు మాట. పంతులమ్మ చదువు కోసం ఆడవాళ్ళ ట్రెయినింగు స్కూల్లో చేరి, ఆ హాస్టల్లో ఉండేదాన్ని.

గది అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు మంచాలు వేశాక మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడవాలి. తూర్పు వైపు ఒకే ఒక్క కిటికీ. ఆ కిటికీలో కొబ్బరి చిప్పల్లో మెంతికూర, పగిలిన కూజాలో వాము మొక్క, ఊచలకి అల్లుకున్న బచ్చలి తీగ. బచ్చలి నాది కాదు, రెండో మంచం అమ్మాయిది. ఆమెది దివిసీమలో అవనిగడ్డ పక్క పల్లె, క్రైస్తవుల పిల్ల. నాకంటే చిన్నది, నన్ను అక్కా అనేది. తన దుప్పటి మీద మట్టి రాలిందని ఆమె, ఆమె బచ్చలి నా మెంతికూరకి ఎండ తగలనివ్వడం లేదని నేను రోజూ పోట్లాడుకునేవాళ్ళం. పోట్లాట అయ్యాక ఇద్దరం కలిసి నీళ్ళు పోసేవాళ్ళం.

ఆ నీళ్ళ కోసం పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. హాస్టలు నూతిలో ఉప్పునీళ్ళు. సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, మొక్క బతకదు. తాగే నీళ్ళు కావిళ్ళ మీద వచ్చేవి, మనిషికింత అని కొలిచి పోసేవారు. వంటింట్లో బియ్యం కడిగిన నీళ్ళు అడిగి తెచ్చుకునేదాన్ని. అవి దొరకని రోజు నా దాహం నీళ్ళే పోసేదాన్ని. "నువ్వు ఎండిపోయినా పర్లేదు గానీ ఆ చిప్పలు ఎండకూడదా అక్కా?" అని ఆ పిల్ల వెక్కిరించేది.

నేను బాలవితంతువుని. ఆ మాట వినగానే మొహం అదోలా పెట్టి జాలిపడేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట, కాబట్టి దాని గురించి అవసరమైనంత వరకే చెబుతాను. పెళ్ళి గుర్తుంది, పెళ్ళికొడుకు గుర్తులేడు. నాన్న లేరు. గుడివాడలో గుమాస్తాగా ఉన్న అన్నయ్య నన్ను పెంచాడు. నేను పెద్దదాన్నయ్యాక జుట్టు తీయించాలని చుట్టాలందరూ కూర్చుంటే, వచ్చిన మంగలిని వీధి గుమ్మంలోంచే వెనక్కి పంపేశాడు. చదివిస్తానన్నదీ అన్నయ్యే. మా అత్తవారిది మొవ్వ దగ్గర ఊరు. వాళ్ళు ఒప్పుకోవడానికి పెద్దమనుషుల ముందు మాట ఇచ్చాడు. పిల్ల మీద చిన్న మాట వచ్చినా చదువు మాన్పించి తానే తీసుకెళ్ళి అప్పగిస్తానని. అప్పగిస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. జుట్టు పోతుంది, చదువు పోతుంది, ఆ ఇంటి వంటగదిలో నా రోజులన్నీ పోతాయి.

ఇంత తెలిసీ మరువం వేశాను. ఒకసారి నా గది అమ్మాయి బజారు నించి తనకోసం మరువం కట్ట తెచ్చుకుంది. ఒక రెమ్మకి మొదట్లో సన్నటి వేళ్ళున్నాయి. దాన్ని పారెయ్యబోతుంటే లాక్కుని, సగానికి కోసిన కిరసనాయిలు డబ్బాలో గుచ్చాను. పూలు నాకు కూడవు, నిజమే. కానీ మరువం పువ్వు కాదుగా, ఆకు. ఆకు కూడదని నాకెవరూ చెప్పలేదు. ఈ వాదన నాలో నేను ఎన్నిసార్లు చేసుకున్నానో. తలలో ఒక్క రెమ్మ కూడా పెట్టుకోలేదు. వేళ్ళతో నిమిరి వాసన చూసుకునేదాన్ని, అంతే. పొద్దున్న ఎండ కిటికీలోంచి గోడ మీదికి జరిగితే డబ్బా కూడా జరిపేదాన్ని. అది పిలకలు వేసి గుబురుగా ఎదిగింది. ఆ గదిలో నేను సుఖంగా ఉన్నానంటే ఆ డబ్బా వల్లే.

అన్నయ్య నెలకోసారి ఆదివారం నాడు గుడివాడ నించి రైల్లో వచ్చేవాడు. మగవాళ్ళని లోపలికి రానివ్వరు. వసారాలో బల్లల మీద కూర్చుని మాట్లాడాలి. పరీక్షలు దగ్గర పడ్డ ఒక ఆదివారం నేను వెళ్ళి పక్కన కూర్చోగానే అన్నయ్య మాట ఆపేశాడు. నా తల వైపు చూశాడు.

"మరువం వాసనొస్తోంది," అన్నాడు మెల్లిగా. "పూలు పెట్టుకుంటున్నావా?"

ఇరుకు గది, తలదిండు పక్కనే మొక్క, వాసన పట్టక ఏం చేస్తుంది? అది నాకు తట్టనే లేదు. "లేదన్నయ్యా, ఒట్టు. గదిలో మొక్కుంది, అంతే. పువ్వు కాదు, ఆకు," అన్నాను.

"ఊళ్ళో వాళ్ళ ముక్కులకి ఆకూ పువ్వూ వేరే తెలుస్తాయే? నిన్నిక్కడ ఉంచినందుకు నేను ఆఫీసులో ఎన్ని మాటలు పడుతున్నానో నీకు తెలుసా?"

తెలుసు. తెలిసే నాకు కోపమొచ్చింది. ఆయన నమ్మలేదన్న కోపం. ఒకసారి కళ్ళతో చూస్తే నమ్ముతాడనుకున్నాను. గదిలోకి పరిగెత్తి, డబ్బా రెండు చేతులా ఎత్తుకుని వసారాలోకి తెచ్చాను. నా బతుకులో అంత తెలివితక్కువ పని ఇంకోటి చెయ్యలేదు. అన్నయ్యకి తెలిసింది అన్నయ్యతోనే ఆగిపోయేది. కానీ పక్క బల్ల మీద, తన కూతుర్ని చూడ్డానికొచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. మా అత్తవారి ఊరాయన. తెల్లచీర కట్టుకుని మరువం గుబురు మోసుకొస్తున్న నన్ను ఆయన కింది నించి పైదాకా చూశాడు.

"ఏవమ్మా, మరువమా? ఎవరికీ?" అన్నాడు.

అడగడం చాలా మర్యాదగానే అడిగాడు. వసారాలో అందరూ ఇటు తిరిగారు. అన్నయ్య మొహం పాలిపోయింది.

"గదిలో అమ్మాయి వేసిందటండీ, దీనికేం తెలీదు," అన్నాడు ఆయనతో. తర్వాత నా వైపు చూడకుండా, "పీకెయ్," అన్నాడు.

"అన్నయ్యా..."

"ఇక్కడే పీకెయ్. ఆయన చూస్తుండగా."

పీకాను. వేళ్ళు డబ్బా అంచులదాకా పాకి ఉన్నాయి, ఒకంతట రాలేదు. పీకుతుంటే ఆకులన్నీ నా చేతుల్లో నలిగి వసారా అంతా ఘుమఘుమలాడింది. ఆ వాసన అంత గట్టిగా ఎప్పుడూ రాలేదు. ఏడుపు రానివ్వకూడదని పళ్ళు బిగించాను. పెద్దాయన తృప్తిగా తలూపి, "మంచి పని చేశారు బాబూ, ఆడపిల్లల్ని అదుపులో పెట్టాలండీ," అని మళ్ళీ కూతురి వైపు తిరిగాడు. ఆ తర్వాత ఊళ్ళో కూడా ఆయన అదే చెప్పాడట. అన్నగారు కళ్ళెదుటే పీకించాడు, గట్టివాడు అని. అత్తవారి నించి ఏ కబురూ రాలేదు. నా జుట్టూ, నా చదువూ మిగిలాయి.

అన్నయ్య వెళ్తూ గేటు దగ్గర ఆగాడు. ఏమైనా అంటాడని నేను దూరంగా నిలబడ్డాను.

"పరీక్షలయ్యేదాకా ఇంక రానమ్మా," అన్నాడు. "వస్తే చూడాల్సొస్తుంది. చూస్తే ఊరుకోలేను."

రైలుకి టైమైందని గబగబా నడుస్తూ వెళ్ళిపోయాడు. నా మీద అలిగాడనుకుని గదిలో బోర్లా పడుకుని ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి ఊపిరి తిప్పుకున్నాక ఆ మాటకి అర్థం తట్టింది. నేను ఏం పెంచుకున్నా చూడకుండా ఉండడానికే ఆయన రానన్నాడు. ఆయన చెయ్యగలిగింది అంతే. అంతైనా చేశాడు. నాకు ఆయన మీద కోపమూ పోలేదు, ప్రేమా తగ్గలేదు.

తర్వాతి వారం నా గది అమ్మాయి బజారు నించి వేళ్ళున్న రెమ్మ వెతికి తెచ్చింది. డబ్బాలో మట్టి అలాగే ఉంది. "నాటక్కా, ఇంకెవరూ రారుగా," అంది. తీసుకున్నాను. మట్టిలో వేలితో గుంట కూడా చేశాను. వసారాలో ఎవరూ లేరు, పెద్దాయన లేడు, అన్నయ్య గుడివాడలో ఉన్నాడు. అయినా రెమ్మని కిటికీలోంచి బయటికి విసిరేశాను. ఆ పిల్ల నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

పరీక్ష పాసయ్యాను. పంతులమ్మనయ్యాను. ఎందరో ఆడపిల్లలకి అక్షరాలు దిద్దించాను, వాళ్ళ చదువు మాన్పించబోయిన నాన్నలతో నడివీధిలో తగువు పడ్డాను. అత్తవారి తరం పోయింది. అన్నయ్యా పోయాడు. నా ఇల్లు నాది, తలుపు తాళం నాది, వద్దనేవాళ్ళు ఒక్కరూ లేరు. పొద్దున్నే పూలమ్మి వచ్చి, "మరువం బావుందండీ పంతులమ్మగారూ, ఓ మొక్క ఇయ్యమంటారా?" అని అడుగుతుంది. మా ఇంట్లో వద్దు అని నేనే చెబుతాను.