మేనమామ ఊరి శోకాలు

బెర్నబే రోబ్లెస్‌ను అసున్సియోన్ పట్నంలో అందరూ ధైర్యవంతుడనే అనేవారు. నదికి ఎగువన అతను కాల్చిన ఊళ్ళ గురించి, మొసళ్ళ మడుగులో గుర్రాలను దాటించిన వైనం గురించి సారా తాగుతూ చెప్పుకునేవారు. పడవలో ఏళ్ళ తరబడి అతని పక్కన కూర్చున్నవాణ్ణి నేను. నాకు తెలిసి మా దండులో అంత భయస్థుడు ఇంకొకడు లేడు. ఎవరైనా వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే మెడ తడుముకుంటూ తిరిగేవాడు.

అతని తండ్రి సముద్రం దాటి మొదటి ఓడల్లో వచ్చినవాడు. స్పెయిన్‌లో చెప్పులు కుట్టేవాడు, ఇక్కడ దొర అయ్యాడు. తల్లి ఈ నేల మీది గ్వారనీ తెగ మనిషి, బాప్తిస్మంలో లూసియా అని పేరు పెట్టారు. ఆమె అన్న పిరాజూ చెల్లెలిని రోబ్లెస్ చేతిలో పెట్టి, అతన్ని బావా అని పిలిచాడు. ఆ రోజుల్లో అందరూ అలాగే ఇచ్చారు. ఇంటి ఆడపడుచుని తీసుకున్నవాడు ఇంటి మనిషే అనుకుని బావల పొలాలు దున్నిపెట్టారు, ఇళ్ళు కట్టిపెట్టారు. కొన్నేళ్ళకు బావలు కొరడా పట్టుకున్నారు. ఆ తరవాత పుట్టిన మమ్మల్ని దొరలు ఈ నేల కుర్రాళ్ళు అన్నారు. గడ్డాలు నెరిసినా మేము కుర్రాళ్ళమే.

మీసం రాకముందే బెర్నబే దండులో చేరాడు. బాణాలు దిగకుండా దూది కుట్టిన చొక్కా, తండ్రి వాడిన కత్తి, రెండు భాషలు, ఇవే అతని ఆస్తి. తుపాకీ కంటే ఆ భాషలే దొరలకు ఎక్కువ పనికొచ్చాయి. ఏ ఊరి మీదికి వెళ్ళినా ముందు అతన్ని పంపేవారు.

దిగువ ఊళ్ళో మాలాంటి కుర్రాళ్ళు కొందరు దొరల మీద తిరగబడిన ఏడాది అంతా మారిపోయింది. వాళ్ళ తలలు నరికి కొయ్యలకు గుచ్చి పెట్టారు. అందులో ఒకటి బెర్నబేకి వరసకు తమ్ముడిది. ఆ తరవాత దొరలు మా మాటలో గ్వారనీ ముక్క వినపడితే చాలు, తలెత్తి చూసేవారు.

సరిగ్గా అప్పుడే పిరాజూ ఊరు దొరల పనికి మనుషులను పంపడం మానేసింది. కొత్తగా స్పెయిన్ నుంచి దిగిన కప్తాన్ ఇన్యీగో సల్సేదోకి మా దండును అప్పగించి ఎగువకు పంపారు. పడవలు ఒడ్డుకు చేరగానే కప్తాన్ బెర్నబేని పిలిచాడు.

"ఒరేయ్ రోబ్లెస్, ఇది మీ మామ ఊరట కదా?"

"అవును దొరా. మా అమ్మకి అన్న."

"అయితే నువ్వే పో. వాణ్ణి ఒడ్డుకి తీసుకురా, మాట్లాడదాం. తీసుకురాలేదనుకో, నువ్వు ఎవరి మనిషివో నాకు తెలిసిపోతుంది."

కప్తాన్ ఆ మాట అంటూ చుక్కాని దగ్గర చుట్టిపెట్టిన తాడు వైపు చూశాడు. బెర్నబే కూడా చూశాడు. పడవ అడుగున గోనె కింద గొలుసు ఉందని మా అందరికీ తెలుసు.

బెర్నబే నడుం కట్టుకుంటుంటే మా దండులోని మెల్చోర్ గ్వారనీలో వెటకారం మొదలెట్టాడు. "మామ కూతుర్ని ఇస్తాడేమోరా, ఎలాగూ వెళ్తున్నావు."

"నోరు మూసుకోరా. ఆయన వింటున్నాడు."

"ఆయనకి మన మాట రాదులే."

"నవ్వు అర్థమవుతుందిగా!"

మెల్చోర్ నవ్వడం ఆపేశాడు.

బెర్నబే కత్తి మాకు ఇచ్చి, ఊరి చుట్టూ నాటిన దుంగల దడి దాటి ఒక్కడే లోపలికి వెళ్ళాడు. కప్తాన్ మమ్మల్ని దడి ముందు వరసగా నిలబెట్టి తుపాకుల వత్తులు వెలిగించమన్నాడు. "లోపల అరుపు వినపడితే కాల్చండి" అన్నాడు. మేము సరే దొరా అన్నాం.

తప్పు అక్కడే జరిగింది. గ్వారనీ ఇంటికి దూరపు చుట్టం వస్తే ఆడవాళ్ళు చుట్టూ కూలబడి జుట్టు ముఖం మీదికి వేసుకుని శోకాలు పెడతారు. దారిలో పడ్డ కష్టం, ఈలోపు పోయినవాళ్ళ పేర్లు రాగం తీసి ఏడుస్తారు. వచ్చినవాడు కూడా ముఖం కప్పుకుని ఏడవాలి. అది అయ్యాకే కుశల ప్రశ్నలు. మేమందరం ఆ ఏడుపుల్లో పుట్టి పెరిగినవాళ్ళం. దాన్ని ఇంకొకడికి చెప్పాల్సిన సంగతిగా మాలో ఎవరికీ తోచలేదు. బెర్నబేకీ తోచలేదు.

లోపల ఒక్కసారిగా గోల లేచింది. ఒక గొంతు, ఆపైన పది, ఆపైన ఊరంతా.

కప్తాన్ ముఖం సున్నం కొట్టినట్టయింది. "చంపేస్తున్నారు! వాణ్ణి చంపేస్తున్నారు! కాల్చండి!"

"దొరా, అది మర్యాద" అన్నాన్నేను. "చుట్టం వచ్చాడని ఏడుస్తున్నారు."

"చుట్టం వస్తే ఏడుస్తారా? ఎవరికి చెబుతున్నావురా?"

"మా అమ్మ మీదొట్టు దొరా."

"మీ అమ్మ ఎవరో నాకు తెలుసు" అని తన తుపాకీని నా పొట్ట మీద పెట్టాడు. తుపాకీ కొస నా గుండీలకు తగిలి టకటకమంటోంది. వత్తి కాలుతూ ఉంది.

లోపల జరిగింది బెర్నబే తరవాత చెప్పాడు. వల ఉయ్యాలలో కూర్చోబెట్టారు. మేనమామ భార్య అతని మెడ పట్టుకుని, "ఎంత దూరం వచ్చావు నాయనా, కాళ్ళు ఎంత నొచ్చాయి నాయనా, మీ అమ్మమ్మ నీ పేరే అడుగుతూ పోయింది నాయనా" అని రాగం తీస్తోంది. బయట కప్తాన్ కేక అతనికి వినపడింది. లేచి పరిగెత్తుకొచ్చి ఆపకపోతే తుపాకులు పేలతాయి. కానీ చచ్చిపోయినవాళ్ళ పేర్లు చెబుతుండగా మధ్యలో లేవడమంటే మీ పీనుగులతో నాకేం పని అనడమే. గుమ్మం దగ్గర మగవాళ్ళు దుడ్డుకర్రలు ఆనించుకుని నిలబడి, ఇతను ఏడుస్తాడా లేదా అని చూస్తున్నారు. అతనికి చుక్క కన్నీరు రాలేదు. భయానికి నోరు, కళ్ళు అన్నీ ఎండిపోయాయి.

అప్పుడతను అత్త భుజం పట్టుకుని, ముఖం ఆవిడ జుట్టులో దాచుకుని గొంతెత్తాడు. అలా ఊళపెడుతూనే ఆవిడని లేవదీసి, "నాతో ఇంకా చుట్టాలు వచ్చారత్తా, బయట నిలబడ్డారు" అన్నాడు.

దడి లోంచి ఆడవాళ్ళ గుంపు ఏడుస్తూ బయటికొచ్చింది. ముందు బెర్నబే, అతని పక్కన మామ పిరాజూ. నేల మీద కూలబడి మా మోకాళ్ళు పట్టుకున్నారు. ఒక ముసలిది కప్తాన్ బూటు కౌగిలించుకుంది. నా పక్కన మెల్చోర్ తుపాకీ దించి ముఖం కప్పుకున్నాడు. చిన్నప్పటి అలవాటు, ఆగదు. ఒక్కొక్కరే అందరం ఏడ్చాం. కప్తాన్ అటూ ఇటూ చూశాడు. తన దండు, ఆ ఊరు ఒకే గొంతుతో ఏడుస్తుంటే మధ్యలో ఒంటరిగా నిలబడ్డాడు. అతను కాల్చలేదు. భయపడే కాల్చలేదని నా అనుమానం.

ఆ రోజు కర్రపెండలం రొట్టెలు పెట్టారు, తేనె పెట్టారు. తిన్నాం. తిన్నాక కప్తాన్, మీ మామని పడవ చూడ్డానికి రమ్మను అన్నాడు. బెర్నబే ఒక్క క్షణం ఆగాడు. కప్తాన్ పడవలోని తాడు వైపు చూశాడు.

"మామా, పడవ చూద్దువు గాని, రా" అన్నాడు బెర్నబే.

మేనల్లుడి చేయి పట్టుకుని పిరాజూ వచ్చాడు. పడవ ఎక్కగానే మెడకు గొలుసు పడింది. కప్తాన్ నవ్వుతూ బెర్నబే వీపు తట్టి గొలుసు రెండో కొస అతని చేతికిచ్చాడు. ఒడ్డున ఆడవాళ్ళు ఈసారి ఏడవలేదు. నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు, అంతే.

నది మీద కొంతదూరం పోయాక పిరాజూ అడిగాడు.

"అల్లుడూ, ఇది నీకు ముందే తెలుసా?"

"తెలుసు మామా."

"మరి ఏడ్చావెందుకు?"

"భయమేసింది."

"ఇప్పుడు తగ్గిందా?"

బెర్నబే నీళ్ళ వైపు తిరిగాడు. గొలుసు మాత్రం వదల్లేదు. కప్తాన్ ఎదురుగానే కూర్చున్నాడు.

పిరాజూ మరుసటి వాన కారులో చెరలో జ్వరంతో పోయాడు. బెర్నబేని అనుమానించిన దొర ఆ తరవాత ఒక్కడూ లేడు. మాలాంటివాడికి ఎన్నడూ దక్కనిది అతనికి దక్కింది, ఒక ఊరి మీద పెత్తనం. దొరలు బాగా ఆలోచించే పిరాజూ ఊరినే ఇచ్చారు. ముసలివాడయ్యేదాకా ఏటా పంటకి అక్కడికి వెళ్ళొచ్చేవాడు. ఆ జనం చెప్పిన పని చేశారు, అడిగింది మోశారు, ఎదురు మాట్లాడలేదు. అతను దడి దాటి లోపలికి వచ్చినప్పుడల్లా ఆడవాళ్ళు శోకం పెట్టకుండా, తలెత్తకుండా పెండలం తురుముకుంటూ కూర్చునేవారు. తన మేనమామ ఊరికి వెళ్ళేటప్పుడు బెర్నబే రోబ్లెస్ భయానికి తిండి, నీళ్ళు ఇంటి నుంచే కట్టించుకునేవాడు. అవి అయిపోతే పనులు సగంలో వదిలేసి పడవ ఎక్కేవాడు.