కానుగచెట్ల కింద ఉప్పు

గురవమ్మ తన నీడను కూడా వెనక్కి తిరిగి చూసుకునిగాని నడవదని ఆ పేటలో అనుకునేవాళ్లు. నరసరావుపేటలో రైలుపట్టాల అవతల, ఒకప్పుడు సున్నపు బట్టీల గుంటలున్న చోట మట్టి పోసి మున్సిపాలిటీ వాళ్లు చిన్న పార్కు వేశారు. నాలుగు సిమెంటు బల్లలు, ఒక రేడియో గది, తూర్పు గోడ పక్కన వరసగా కానుగచెట్లు. ఇరుకిళ్ల పేటకు గాలాడే చోటు అదొక్కటే. సాయంత్రం రేడియోలో వార్తలు మొదలయ్యే వేళకి రాళ్లు కొట్టొచ్చిన మగాళ్లు, చంటిపిల్లల్ని చంకనేసుకున్న ఆడాళ్లు అక్కడికే చేరేవాళ్లు.

ఆ పార్కు ఊడ్చి, చెట్లకు నీళ్లు పోసే పని గురవమ్మది. అంతకుముందు ఏళ్ల తరబడి మురిక్కాలవలు ఎత్తిపోసింది. ఎంత తోముకున్నా చేతుల వాసన పోయేది కాదు. అన్నం ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయేది. కాళ్లావేళ్లా పడితే పార్కుకి మార్చారు. అందుకని ఆ జాగాను కంటికి రెప్పలా కాసేది. కొత్త మొహం కనపడితే దొంగే. పొరుగింటి జరీనా మేక గేటు వైపు చూసిందంటే, జరీనాయే తోలిందని గొంతెత్తేది.

ఎనభై అయిదులో, ఉగాది వెళ్లాక, కానుగలు కొత్తాకు మీదుండాల్సిన రోజుల్లో రెండు చెట్ల ఆకులు అంచులెంట మాడి రాలిపోయాయి. నీళ్లు చాలటంలేదేమోనని ఎక్కువ పోసింది. పక్క చెట్టుకీ అదే తెగులు పట్టుకుంది.

మున్సిపాలిటీ మేస్త్రీ ఇశ్రాయేలు వచ్చి చూసి పెదవి విరిచాడు. "చెట్లు చస్తే ఇంక పార్కెందుకంటారు గురవమ్మా. ఇక్కడ కొట్లు కట్టాలని ఎప్పట్నించో అనుకుంటన్నారు. నీకు మళ్లీ కాలవలే."

ఎవరో కావాలని చంపుతున్నారనుకుంది గురవమ్మ. లేకపోతే పచ్చగా ఉన్న చెట్టు ఎందుకు చస్తుంది? చెట్టు మొదట్లో మట్టి గోకింది. పైన తెల్లగా పొర కట్టి ఉంది. వేలికద్దుకుని నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు.

ఉప్పనగానే పిచ్చియ్య గుర్తొచ్చాడు. తోపుడుబండి మీద మూటలేసుకుని వీధి వీధీ తిరిగి ఉప్పు అమ్మేవాడు. మధ్యాహ్నం ఎండకి బండి తెచ్చి సరిగ్గా ఆ కానుగల కిందే ఆపి, సద్ది తిని కునుకు తీసేవాడు. "అక్కా" అని పిలిచి ఆమెకూ ఇంత ఊరగాయ పెట్టేవాడు. ఆ ఊరగాయ ఎందుకు పెడుతున్నాడో ఇప్పుడు తెలిసొచ్చిందనుకుంది గురవమ్మ. మొన్నామధ్య ఏమన్నాడు? "ఈడ నాకొక కొట్టుగదుంటే ఎండనబడి తిరిగే బాధ తప్పేదక్కా" అన్లా?

ఆరోజు నించి అతని మీదే కన్నేసింది. అతను పడుకుంటే నిద్ర నటిస్తున్నాడనుకుంది. పలకరిస్తే తన నోట్లో మాట లాగటానికనుకుంది. ఒక మధ్యాహ్నం అతను చెట్టు మొదట్లో వంగి ఉండటం చూసి చీపురు పారేసి పరుగెత్తింది.

"ఏందయ్యా పిచ్చియ్యా, ఏం పోస్తన్నావు ఆ చెట్టుకి?"

"ఖాళీ గోతం దులుపుతన్నానక్కా."

"దులిపితే చెట్లు చస్తయ్యా? నేను లేనప్పుడు మూటలు మూటలు పోసుంటావ్! కొట్టు ఇస్తామని ఎవడు ఆశపెట్టాడు నీకు?"

కేకలకి బల్లల మీద పడుకున్నవాళ్లంతా లేచొచ్చారు. పిచ్చియ్య మొహం పాలిపోయింది. "అమ్ముకుని బతికే ఉప్పు ఎవడన్నా నేలపాలు చేస్తాడా? నా చేతి ఊరగాయ తిన్నదానివి, నువ్వేనా అక్కా ఈ మాటనేది?"

"తిన్నా. అందుకే నా మీద నాకే రోతగా ఉంది."

ఇశ్రాయేలు బండిని గేటు బయటికి నెట్టించాడు. ఆ తోపులాటలో ఒక మూట పిగిలి ఉప్పంతా దుమ్ములో పడింది. పిచ్చియ్య వంగి ఎత్తుకోలేదు. తలొంచుకుని బండి తోసుకుపోయాడు.

గురవమ్మ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. కానీ ఎండలు ముదిరేసరికి ఇంకో చెట్టు మాడింది. పిచ్చియ్య గోడ దూకి వస్తున్నాడా? కాదు, ఇశ్రాయేలే ఏమో! చెట్లు చస్తే కొట్లు కడతారని ముందు నోరు జారింది అతనే గదా. ఇశ్రాయేలు వస్తే అతని చేతుల వైపు చూసేది, వెళ్లాక అతను నిలబడ్డ చోట మట్టి రుచి చూసేది. ఇంట్లో కూడా ఎవరితోనూ మాట కలపటం మానేసింది.

ఒక పొద్దున మేక తాడు తెంపుకుని పార్కులో జొరబడింది. వెనకే జరీనా. మేక తూర్పు గోడ దగ్గరికి పోయి, నేల వాసన చూసి, చీది, మొహం తిప్పుకుంది.

"వదినా, కుళాయిల్లో చుక్క రాక ఊరంతా అల్లాడతంటే ఈ గోడ మొదట్లో తడేంది?" అంది జరీనా. "దాహంతో ఉన్న మేక గూడా ముట్టటంలేదు చూడు."

గురవమ్మ కూలబడి చేత్తో తవ్వింది. నీళ్లు ఊరాయి. నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. గోడ అవతల పోయినేడు కట్టిన ఐసు ఫ్యాక్టరీ.

"మా ఆయన అందులోనేగా ఐసు మోసేది," అంది జరీనా మెల్లగా. "గడ్డకట్టించే తొట్టి నిండా ఉప్పునీళ్లేనంటాడు."

గురవమ్మ లేచి పోయి ఇశ్రాయేలుని తెచ్చి చూపించింది. పేట జనం ఫ్యాక్టరీ గేటు మీద పడ్డారు. యజమాని ముందు కాదన్నాడుగాని, తొట్టి అడుగున పగులు అందరి కళ్లకీ కనపడింది. దాన్ని పూడ్చి, గోడ వెంట సిమెంటు కాలవ కట్టించాడు. చచ్చిన చెట్లు కొట్టేశారు. మిగిలినవి వానలకి చిగురు తొడిగాయి. కొట్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆమె రైలుగేటు దగ్గర పిచ్చియ్యని వెతికి పట్టుకుంది. ఆమె అడక్కుండానే అతను ఉప్పు కొలిచి కొంగులో పోశాడు.

"తప్పయిపోయింది తమ్ముడూ."

"పదిమందిలో నా మీద నింద వేశావు. ఇప్పుడు ఒక్కదానివే వచ్చి చెబుతున్నావు," అన్నాడు తలెత్తకుండా.

మర్నాటి సాయంత్రం వార్తలు అయిపోగానే, జనం లేవబోతుంటే, గురవమ్మ రేడియో గది మెట్టెక్కి నిలబడింది. "పిచ్చియ్య ఏ పాపం ఎరగడు. మీరందరూ విన్నారు, నేను నోటికొచ్చినట్టు కూశాను. ఇది కూడా వినండి." ఎవరో నవ్వారు. జరీనా వాళ్లను కసిరింది.

మాట అతని దాకా పోయింది. వానాకాలం వెళ్లాక ఒక మధ్యాహ్నం అతని బండి వచ్చి గేటు బయట ఎండలో ఆగింది.

"లోపలికి రా, నీడకి," అని పిలిచింది.

"ఈడ బానే ఉందక్కా."

అక్కా అన్నాడు గదా అని సంతోషించింది. అతను బండి తోసుకుని మలుపు తిరిగాక గేటు దాకా వెళ్లింది. బండి ఆగిన చోట నేల మీదికి వంగి చూసింది. ఉప్పు పలుకైనా లేదు. ఎందుకు చూసిందో తెలిసి, సిగ్గుతో అటూ ఇటూ చూసి లోపలికి వచ్చేసింది.