నిమ్మకాయంత చింతపండు

రెండేళ్ల పరిశోధనను నేను ఒకే ఒక్క సాయంత్రం చింతపండు నీళ్లలో ముంచేశాను. మాటవరసకు అనడం లేదు, నిజంగానే ముంచాను. తెనాలిలో, మా పిన్ని వంటింట్లో.

అప్పట్లో బాపట్లలో ఒక ల్యాబులో ఉండేదాన్ని. ఇనుము, టెల్లూరియం, సెలీనియం కలిపి స్ఫటికాలు పెంచడం నా పని. బాగా చల్లబరిస్తే అవి కరెంటును ఏ అడ్డూ లేకుండా పోనివ్వాలి. దాన్నే అతివాహకత అంటారు. నావి మాత్రం ఎంత చల్లబరిచినా మొండికేసేవి. "ఈసారీ రాకపోతే టాపిక్ మార్చేద్దామమ్మా" అన్నారు మా సారు. అంటే రెండేళ్లూ గంగలో కలిసినట్టే. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

చివరి పరీక్ష హైదరాబాదులో. పొద్దున్నే రైలు కాబట్టి ముందురోజే పిన్ని ఇంట్లో దిగాను. డబ్బా తెరిచి చూద్దును కదా, స్ఫటికాలు మసిబారి ఉన్నాయి. పక్కనే పిన్ని పూజకు ఇత్తడి కుందులు తోముతోంది. అవేమో ధగధగలాడుతున్నాయి. అంత పెద్ద ల్యాబుకు మసిమొహాలతో వెళ్తామా, మీరే చెప్పండి. సగం స్ఫటికాలు తీసి, అంట్ల కోసం పొయ్యి మీద కాగుతున్న చింతపండు నీళ్లలో వేశాను.

అప్పుడే సారు ఫోన్ చేశారు.

"స్ఫటికాలు జాగ్రత్తేనా? గాలి కూడా తగలకూడదు."

"అస్సలు తగలడం లేదండి" అన్నాను. అబద్ధమేమీ కాదు, నిండా మునిగే ఉన్నాయి.

ఆ కబురూ ఈ కబురూ అయ్యేసరికి గంట గడిచింది. పిన్ని గరిటెతో గిన్నె కలుపుతూ, "ఏంటే, ఇందులో రాళ్లేశావు?" అంది.

"రాళ్లు కాదు పిన్నీ, నా పీహెచ్‌డీ."

హైదరాబాదులో ముంచని స్ఫటికాలు ఎప్పటిలాగే మొండికేశాయి. ముంచినవాటిని చల్లబరచగానే తెర మీద కరెంటుకు అడ్డెంతో చూపే గీత జారి జారి సున్నా దగ్గర కూర్చుంది. వైరు ఊడిందేమోనని అక్కడివాళ్లు రెండుసార్లు చూశారు. ఊడలేదు. గెలిచానని అరిచి చెప్పాలనిపించింది, సారుకు ఫోన్ చేసి చెప్పాను.

"ఏం చేశావమ్మా?"

"కడిగానండి. చింతపండుతో."

ఫోన్లో సారు పగలబడి నవ్వారు. "పొరల మధ్య ఉండకూడని చోట ఇనుప పరమాణువులు ఇరుక్కున్నాయమ్మా. స్ఫటికంలో లోపం అదే. ఒక్కోటీ ఒక చిట్టి అయస్కాంతం. జంటగా పోయే ఎలక్ట్రాన్లను విడగొట్టేస్తున్నాయి. నీ పులుపు వాటిని బయటికి లాగేసింది. ఇంతకీ చింతపండు ఎంత?"

"పిన్ని వేసిందండి. నిమ్మకాయంత."

"పేపర్లో నిమ్మకాయంత అని రాస్తామా?"

రేపల్లెలో ఉంటున్న మా సారు ఆ ఆదివారం ల్యాబు త్రాసు ఒళ్లో పెట్టుకుని ప్యాసింజరు బండిలో తెనాలి వచ్చారు. పిన్ని మూడుసార్లు చింతపండు తీసింది. మూడుసార్లూ త్రాసు ఒకే అంకె చూపించింది. సారు చేతులు జోడించారు.

పిన్ని మాత్రం నా వైపు జాలిగా చూసింది. "దీనికి ఇంత చదువు చెప్పారు, ముందు అంట్లు తోమడం నేర్పాల్సింది కదా అన్నయ్యగారూ."

విషపు సెలీనియం తగిలిన ఆ గిన్నె ఇక వంటింట్లో ఉండకూడదని సారు పట్టుకెళ్లారు. పిన్నికి కొత్తది కొనిచ్చాను. ఆవిడ ముందే నిలబడి ఒట్టు కూడా పెట్టాను: ఇక ఈ జన్మలో నీ వంటింట్లో పరిశోధన చేయను, నీ గిన్నె జోలికి రాను అని. ఈనాటికీ తప్పలేదు. తప్పే అవసరమేదీ, గిన్నె మా ల్యాబులోనే ఉంది.