దేవదానన్న అరిచింది పూరీ కోసం కాదు

నిన్న పొద్దున వాట్సాప్‌లో ఆ క్లిప్ మళ్ళీ వచ్చింది.

రైల్లో కిటికీ పక్కన నిద్రపోతున్న మీసాల పెద్దాయన ఉలిక్కిపడి లేచి, చువ్వలు పట్టుకుని "నా పూరీ!" అని అరుస్తాడు. బోగీ అంతా నవ్వుతుంది.

చూసీ చూడనట్టు ఫోన్ పక్కన పెట్టేశాను. ఎన్నిసార్లు చూస్తాం?

కాసేపటికి ఖాసీం ఫోన్ చేశాడు. "అన్నా, దేవదానన్న పాయె. గుండె ఆగిపాయెనంట. నువ్వు యాడుండావు?"

క్లిప్ మళ్ళీ తెరిచాను. కింద RIP అని ఉంది. దాని పక్కనే నవ్వే బొమ్మలు, వరసగా.

నా అన్న చావు కబురు నాకు నవ్వుతూ వచ్చింది.

థూ.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. మా బేతంచెర్ల బండల లోడింగ్ గ్యాంగులో కేక వేసే మనిషి దేవదానన్న. పెద్ద బండ లేవాలంటే గ్యాంగంతా ఒకే ఊపిరి పట్టాలి. ఆ ఊపిరి ఆయన గొంతు. ఆయన కేక వేస్తేనే ఎత్తుతాం, ఆపితే ఆపుతాం. నాకు వాక్యం దొరికి ప్రసంగీకుణ్ణి కాకముందు నేనూ ఆ గ్యాంగులోనే ఉన్నాను.

అప్పుడే ఆ క్లిప్ ఉన్న కామెడీ సినిమా వాళ్ళు వచ్చారు. కథంతా రైల్లోనే. తెర మీద ఆ రైలు రాత్రీ పగలూ పరిగెత్తుతుంది. నిజానికి అది పక్క పట్టాల మీద నిలబడిన పాత బోగీ. అంగుళం కూడా కదల్లేదు.

హీరో జుట్టు ఎగరడానికి ఒక ఫ్యాను. చెట్లు వెనక్కి పోతున్నట్టు కనబడటానికి వేపకొమ్మలు పట్టుకుని కిటికీల పక్కన పరిగెత్తే మనుషులు.

బోగీ ఊగడానికి మేము.

బోగీ అడుగున దూలం దూర్చి, దూలం కింద రాయి పెట్టి, ఇవతలి కొసన అందరం కలిసి ఒత్తాలి. దేవదానన్న కేక వేస్తుంటే బోగీ ఉయ్యాలలా ఊగింది. కెమెరామన్ కూడా మెచ్చుకున్నాడు.

అంతలో డైరెక్టరుకు అన్న మీసాలు నచ్చాయి. తీసుకుపోయి కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. "నువ్వు నిద్రపో, అంతే."

కేక వేసే మనిషి లోపల కళ్ళు మూసుకున్నాడు. బయట మా ఊపిరి చెదిరింది. దూలం కింద రాయి జరిగింది. దాన్ని సర్దడానికి ఖాసీం చెయ్యి లోపలికి పెట్టాడు.

యాక్షన్ అన్నారు. అసిస్టెంటు ఈల వేశాడు. ఒత్తమని అర్థం. ఈల వినగానే అన్న కళ్ళు తెరిచి కిటికీలోంచి కిందికి చూశాడు.

"ఒత్తొద్దండప్పా! చెయ్యుండాది! చెయ్యి!"

అదీ ఆ అరుపు. నా ఛాతీ దూలం మీద ఆనుకుని ఉంది. ఒళ్ళంతా గడ్డకట్టినట్టు ఆగిపోయాం. ఖాసీం చెయ్యి బయటికి లాక్కుని, వేళ్ళు ముడిచి, తెరిచి చూసుకున్నాడు.

లోపల ఏం వినబడిందో తెలుసా? చప్పట్లు.

డైరెక్టరు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, "సూపర్ పెద్దాయనా! అదే ఎక్స్‌ప్రెషన్ ఇంకోసారి" అన్నాడు.

దేవదానన్న ఆయన మొహం చూసి, "కింద చెయ్యి లేకుండా ఎట్ల అరిచేది సార్?" అన్నాడు.

దానికీ నవ్వారు. హీరో, హీరోయిన్, కమెడియన్, ఒక్కరంటే ఒక్కరు దిగి వచ్చి ఆ చెయ్యి చూడలేదు.

తర్వాత డబ్బింగ్‌లో ఎవడిదో కీచుగొంతు పెట్టారు. చెయ్యి పోయి పూరీ వచ్చింది.

కత్తి వస్తుంటే చూసి కావలివాడు బూర ఊదకపోతే ఆ నెత్తురు వాడి మీదే అంటుంది వాక్యం. మా అన్న ఊదాడయ్యా! మీరు ఆ బూరను లాక్కుని పీపీ చేశారు.

సినిమా వచ్చిన రోజు నుంచి ఆయనకు బజార్లో పేరు లేదు. "ఏం పూరీ తాతా, తిన్యావా?" అని పిల్లలు అడిగేవాళ్ళు. "తిన్యా నాయనా, నువ్వు తిన్యావా?" అనేవాడు. ఆయన ఓర్చుకున్నాడు. మార్తమ్మొదిన మాత్రం ఆ ఇంట్లో పూరీలు చేయడమే మానేసింది.

నిన్న ఆ సినిమా పేజీలో "మా ఫ్యామిలీ మెంబర్ పూరీ తాత ఇక లేరు" అని పోస్ట్. ఏం ఫ్యామిలీ అయ్యా మీది? మనిషి పేరు తెలియని ఫ్యామిలీ?

వాళ్ళను వదిలేద్దాం. ఈ పొద్దున మన సర్కిల్లో మన పిల్లలే ఫ్లెక్సీ కట్టారు. "పూరీ తాతకు కన్నీటి వీడ్కోలు." ఆ నోరు తెరిచిన ఫోటో. అడుగున కట్టినవాళ్ళ తలకాయలు, చలువ కళ్ళద్దాలతో. ఆదివారం నా ముందు కూర్చుని ఆమేన్ అనే తలకాయలు! అపహాసకుల పక్కన కూర్చోవద్దని మీకు ఎన్నిసార్లు చెప్పాను?

మార్తమ్మొదిన గడపలో కూర్చుంది. "ఆ బోర్డు కిందనుంచి ఆయప్పను తీస్కపోనీయను. మీరేమన్నా చేసుకోండి."

సమాధుల తోటకు ఇంకో దారి లేదు.

పోయి విప్పమన్నాను. "అభిమానంతోనే కదప్పా కట్టిండేది" అన్నాడొకడు. నోటికొచ్చినట్టు తిట్టాను. ఒప్పుకుంటున్నాను, ప్రసంగీకుడు తిట్టాల్సిన తిట్లు కావు. వాడు కదల్లేదు.

ఖాసీం ముందుకొచ్చాడు. ఒక్క మాట తిట్టలేదు. చెయ్యి ఎత్తి వాడి మొహం ముందు పెట్టాడు. వేళ్ళు తెరిచాడు.

"చూడు నాయనా. ఇదీ ఆ పూరీ."

తాళ్ళు వాళ్ళే విప్పారు.

మీ ఫోన్లలో కూడా విప్పండి. ఆ క్లిప్ డిలీట్ చేయండి. చేయనివాడు సాయంత్రం పాడె ముట్టుకోవద్దు.

ఇది రాస్తుంటే వాకిట్లో ఉలి చప్పుడు. ఖాసీం నల్లబండ మీద పేరు చెక్కుతున్నాడు. దే, వ, దా... ఇంకా పూర్తి కాలేదు. రెండు చేతులతోనే చెక్కుతున్నాడు.

పోయిరా దేవదానన్నా. ఇంక ఎవరి కోసమూ ఉలిక్కిపడి లేచే పని లేదు. ప్రభువు ఒడిలో నిమ్మళంగా పండుకో.