నీ ఇష్టం తర్వాత చుక్క

నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు మా నాన్న పలక మీద రెండు మాటలు రాసి చివర చుక్క పెట్టారు. "నీ ఇష్టం." హైదరాబాదులో పరిశోధనకు సీటు వచ్చింది, వెళ్ళనా అని నేను అడిగినదానికి అది జవాబు. అప్పటికి ఆయన గొంతుకు ఆపరేషన్ అయి ఆర్నెల్లయింది. మాట పూర్తిగా పోయింది. విస్సన్నపేట దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసినాయన, ఆదివారం చర్చిలో వాక్యం చదివితే చివరి బెంచీ దాకా వినపడే మనిషి, ఒళ్ళో పిల్లల పలక పెట్టుకుని రాసి చూపించేవారు.

నోటితో అనే "నీ ఇష్టం" ఎన్ని రకాలో తెలుగిళ్ళలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. నవ్వుతూ అంటే వెళ్ళిరా అని. మొహం తిప్పుకుని అంటే, వెళ్ళి చూడు నీ పని చెబుతా అని. సాగదీసి అంటే, నా మాట వినేవాడివైతే నన్నెందుకు అడుగుతావు అని. పలక మీద ఈ సాగదీయడాలూ తిప్పుకోవడాలూ ఏవీ కనపడవు. ఉన్నదల్లా చుక్క. బలపం గట్టిగా నొక్కి పెట్టిన చుక్క. ఇక మాటల్లేవు అన్నట్టుగా ఉంది నాకు. నేను వెళ్ళలేదు.

నూజివీడులో ఒక మిషన్ హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేరాను. ముప్పై రెండేళ్ళుగా అక్కడే ఉన్నాను. మా ఇల్లు తోటల మధ్య ఉంటుంది. ఎటు చూసినా ఇరవై గజాల్లో ఏదో ఒక మామిడి చెట్టు అడ్డం వస్తుంది. చుట్టాలు వచ్చి, ఎంత చల్లగా ఉందండీ మీకు అంటారు. నాకు ఊపిరాడదు. సీజన్లో రసాల వాసన వస్తే ఊరంతా మురిసిపోతుంది, నాకు తల తిరుగుతుంది. రాత్రికి రాత్రి వచ్చింది కాదు ఈ చికాకు. ఏడాదికింత పేరుకుంది. దాన్ని ఇంట్లో మా ఆవిడ మీదా, బళ్ళో పిల్లల మీదా చూపించాను. సిగ్గుపడాల్సిన సంగతే, సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ఒకసారి ఎనిమిదో తరగతికి వాన గురించి పాఠం చెప్పాను. వాన పడగానే రైతు గుండె పొంగింది అని పుస్తకంలో ఉంది. పరీక్షలో ఒక అమ్మాయి, ఆ రైతు ఏడ్చి ఉంటాడు అని రాసింది. సున్నా వేశాను. పేపర్లు ఇచ్చిన రోజు ఆ పిల్ల లేచి నిలబడింది.

"పూత మీద వాన పడితే పూతంతా రాలిపోద్ది కదండీ మాస్టారూ. పోయినేడు మా నాన్న ఏడ్చాడండీ" అంది.

"పుస్తకంలో ఉన్నది రాయి. మీ ఇంట్లో ఉన్నది కాదు" అని కూర్చోబెట్టాను. అప్పట్లో నా తీర్పు మీద నాకు అంత నమ్మకం.

రెండేళ్ళ క్రితం మైలవరం నుంచి మా చెల్లెలు వచ్చింది. మాటల్లో మాటగా నా అక్కసు బయటపడింది. నాన్న ఆ రోజు ఆ చుక్క పెట్టకుండా ఉంటే నా బతుకు ఈ తోటల్లో ఇరుక్కుపోయేది కాదన్నాను.

"ఏ చుక్క?" అంది.

చెప్పాను. పడీపడీ నవ్వింది.

"అన్నయ్యా, నాన్న కవరు మీద ఊరి పేరు తర్వాత కూడా చుక్క పెట్టేవాడు. కిరాణా చీటీ రాస్తే కందిపప్పు చుక్క, బెల్లం చుక్క. ఎలిమెంటరీ మాస్టారు కదా, చెయ్యి ఊరుకోదు. మీ బావగార్ని చేసుకోనా అని నేను అడిగితే నాకూ అదే రాశాడు. నీ ఇష్టం, చుక్క. నేను తిన్నగా వెళ్ళి చీర కొనుక్కున్నాను" అంది.

నాకు నవ్వు రాలేదు. పుస్తకంలో లేనిది రాసిందని ఒక పిల్లకు సున్నా వేసినవాణ్ణి. పలక మీద లేనిది చదువుకుని, దాని కింద ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. ఆ జవాబు రాశాక నాన్న మరో పదేళ్ళు బతికారు. ఆ పలక మీద ఎన్నో రాశారు. హైదరాబాదు మాట మాత్రం నేను మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

ఇక ఈ వేసవి సంగతి. మా అమ్మాయి ఇక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. చెన్నైలో ఏడాదిపాటు ఐసీయూ శిక్షణకు అవకాశం వచ్చింది. శనివారం సాయంత్రం ఐదు లోపల వస్తున్నదీ లేనిదీ చెప్పాలి. గురువారం డ్యూటీలో ఉండగా నాకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. "నాన్నా, వెళ్ళమంటారా"

నేను స్టాఫ్ రూములో ఉన్నాను. చాలా సంతోషమేసింది. నాలా ఇక్కడ ఉండిపోకుండా ఇదొక్కతి బయటపడితే చాలనుకున్నాను. మా చెల్లెలు చదువుకున్న అర్థంలోనే, మనస్ఫూర్తిగా, "నీ ఇష్టం." అని కొట్టి పంపాను.

శనివారం మధ్యాహ్నం అమ్మాయి డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చాక ఇద్దరం అన్నానికి కూర్చున్నాం. మా ఆవిడ చర్చిలో స్త్రీల కూటానికి వెళ్ళింది. బయట తోటలో కాయ కోస్తున్నారు.

"ప్రయాణం ఎప్పుడమ్మా?" అన్నాను.

"వెళ్ళట్లేదు నాన్నా. రానని సాయంత్రం చెప్పేస్తాను."

"అదేంటి?"

"మీరు వద్దన్నారుగా."

"నేనెప్పుడన్నాను?"

ఫోన్ తీసి నా కంచం పక్కన పెట్టింది. "చూడండి, చుక్క పెట్టారు. మెసేజ్‌లో ఎవరైనా చుక్క పెట్టారంటే కోపంగా ఉన్నట్టే."

"ఇదెక్కడి వ్యాకరణం? తెలుగు మాస్టార్ని, చుక్క పెట్టకుండా ఎలా ఉంటాను?"

"అదొక్కటే కాదు నాన్నా. మీరు ఇంట్లో ఆ మాట ఎలా అంటారో నాకు అలాగే వినపడింది."

ఇరవై నాలుగేళ్ళుగా ఆ పిల్ల విన్న గొంతు అదే. నేను ఎంత ప్రేమగా రాసినా దాని చెవిలో నా చికాకే పలుకుతుంది. ఇంట్లో అందరికీ నేను అలా వినపడుతున్నానని ఆ పూట అర్థమైంది.

తాతయ్య పలక సంగతి మొదటిసారి చెప్పాను. చుక్క సంగతి, కిరాణా చీటీ సంగతి, మేనత్త చీర సంగతి అన్నీ చెప్పాను. "నువ్వు తప్పు చదివావమ్మా, నాలాగే. నేను వెళ్ళమనే రాశాను. ఫోన్ చేసి వస్తున్నానని చెప్పు" అన్నాను.

ఫోన్ అక్కడే ఉంది. మా అమ్మాయి చెయ్యి చాపలేదు. అన్నం కలుపుతూ కూర్చుంది.

"నాకూ భయంగానే ఉంది నాన్నా. అక్కడి భాష రాదు. ఐసీయూలో నావల్ల అవుద్దో లేదో తెలీదు. మీరు వద్దన్నారనుకుంటే తేలిగ్గా ఉంది" అంది.

నాకు కోపం రాలేదు, భయం వేసింది. గడియారం మూడున్నర చూపిస్తోంది.

"నేను వద్దనలేదు" అన్నాను. "భయమేసి మానేస్తే మానెయ్యి. నా పేరు చెప్పి మాత్రం మానెయ్యకు."

కటువుగానే వచ్చింది మాట. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తల ఎత్తి నన్నే చూస్తూ అడిగింది.

"మరి తాతయ్య వెళ్ళమనే రాశారని మీకు అప్పుడు నిజంగా తెలీదా నాన్నా?"

తెలీదు అనబోయాను. ఇన్నేళ్ళూ నాకు నేను అదే చెప్పుకుంటూ వచ్చాను, మా చెల్లెలికీ అదే చెప్పాను. కానీ ఆ రోజు నాన్న చుక్క పెట్టాక బలపం కింద పెట్టలేదు. చేతిలోనే పట్టుకుని, నేను ఇంకేమైనా అడుగుతానేమోనని నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. చాలాసేపు కూర్చున్నారు.

"నిజంగా వెళ్ళమంటారా అని ఇంకొక్కసారి అడిగితే, వెళ్ళమని రాస్తారని తెలుసమ్మా" అన్నాను. "అందుకే అడగలేదు."