అల్ వక్రా సముద్రంలో నేను పట్టిన శీలావతి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, పెట్టెలో డిగ్రీ కాగితం, మెడలో కంపెనీ ఐడీ కార్డు, నోట్లో భీమవరం మాట. ఇన్ని ఉన్నవాడికి "తెలియదు" అని చెప్పే అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? ఖతార్‌లో దిగిన మొదటి ఏడాది ఇండస్ట్రియల్ ఏరియాలోని క్యాంప్‌లోనే ఉంటూ టైమ్ కీపర్‌గా పనిచేసేవాణ్ణి. పొద్దున్నే బస్సు ఎవరెక్కారు, ఎవరు ఎక్కలేదు అని రాసుకోవడం నా డ్యూటీ. (మా అమ్మ మాత్రం బంధువులందరితో "క్యాంప్ మొత్తం మావాడి చేతి కిందే" అని చెప్పుకునేది. నేను కాదనలేదు.)

ఆ క్యాంప్‌లో అందరూ కాకా అని పిలిచే సెంట్రింగ్ మేస్త్రి ఒకాయన ఉండేవారు. జగిత్యాల దగ్గర పల్లెటూరు. పద్దెనిమిదేళ్ళుగా ఒడ్డున లేచే వెస్ట్ బే టవర్లకి చెక్కలు కొడుతూ, ముప్పయ్యో అంతస్తు నుంచి రోజూ సముద్రాన్ని చూస్తూ, ఒక్కసారి కూడా అందులో కాలు పెట్టని మనిషి. క్యాంప్ నుంచి సైటుకి బస్సు, సైటు నుంచి క్యాంప్‌కి బస్సు. మధ్యలో సముద్రం దగ్గర స్టాప్ లేదు. ఆయన ఉద్యోగం ముగించుకుని ఆ ఆదివారమే ఊరికి వెళ్ళిపోతున్నారు. గురువారం సాయంత్రం మెస్సులో అందరం భోజనాలు చేస్తుంటే మనసులో మాట బయటపెట్టారు.

"గీ సముద్రాన్ని మీదికెల్లి చూసుడే అయింది సారూ. మనవరాలు ఫోన్‌ల ఒక్కటే అడుగుడు. తాతా, దుబాయ్ సముద్రంల చాపలు ఎట్లుంటయ్, నువ్వు తిన్నవా అని. ఏం జెప్పాలె? మెస్సుల కోడికూర తింటున్న బిడ్డా అని చెప్పాల్నా?" (వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ మొత్తం దుబాయే. ఖతార్ అని పద్దెనిమిదేళ్ళు చెప్పి ఆయనే అలసిపోయారు.)

ఎవరైనా అయితే "అయ్యో పాపం" అని ఊరుకునేవారు. నేను పప్పు కలుపుతున్న చేతినే గాల్లోకి లేపి, "అదెంతసేపండీ కాకా! మాది భీమవరం. సముద్రం పక్కన పుట్టినవాళ్ళం. గాలం వేశామంటే చేప తగుల్కోవాల్సిందే. రేపు శుక్రవారం ఈ సముద్రం చేప మీ చేత తినిపించే పూచీ నాది" అనేశాను. పన్నెండు మంది కంచాల్లోంచి తలెత్తి నన్ను చూశారు. కాకా కళ్ళలో మెరుపొచ్చింది. "అయితే రేపు ఇంకో కూర వండుడు లేదు. సారు తెచ్చిన చాపనే పులుసు" అని అక్కడికక్కడే సరిపడా చింతపండు తీసి పక్కన పెట్టించారు.

ఇప్పుడు నిజం చెప్పుకోవాలి. భీమవరం నుంచి సముద్రానికి బస్సులో గంట పైనే పడుతుంది. అప్పటికి నేను సముద్రాన్ని రెండుసార్లు చూశాను, రెండూ స్కూలు పిక్నిక్‌లే. మా ఇంట్లో చేప అంటే చెరువుల మీది నుంచి గంపలో వచ్చే శీలావతి. అమ్మే ఆవిడ వీధిలో కేకేసేది, అమ్మ బేరమాడేది, నేను తినేవాణ్ణి. చేపల విషయంలో నా అనుభవమంతా కంచం దగ్గరే సంపాదించింది.

శుక్రవారం తెల్లారగానే ఫిలిప్పీనో ఎలక్ట్రీషియన్ దగ్గర చక్రం ఉన్న గాలం కర్ర అడిగి తీసుకుని, ఎరకి కొన్ని పచ్చి రొయ్యలు సంచిలో వేసుకుని బయల్దేరాం. బండి తోలింది నిజామాబాద్ వైపు డ్రైవర్ అన్న. సముద్రం పక్కనున్న అల్ వక్రా ఊరు దాటగానే కాస్త ఖాళీగా ఉన్న ఒడ్డున ఆపాడు. కాకా చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నీళ్ళ అంచున నిలబడ్డారు. అల పాదాల మీదికి రాగానే వంగి ఒక చుక్క నాలుక మీద వేసుకుని, "నిజంగనే ఉప్పగున్నది!" అన్నారు. నేను కర్రను భుజం మీదుగా వెనక్కి తిప్పి, బలమంతా పెట్టి విసిరాను. నా టోపీ సముద్రంలో పడింది. గాలం నా చొక్కా కాలరులోనే ఉంది. రెండోసారి డ్రైవర్ అన్న లుంగీకి తగిలింది. "యల్లా సారూ, నేను బండిల పండుకుంట. గీ ఒడ్డు మీద పానానికి భరోసా లేదు" అని అతను వెళ్ళిపోయాడు. (యల్లా అంటే అరబీలో "పద, ఇక కానీ" అని. గల్ఫ్‌లో అందరి నోటా అదే.)

ఎండ నెత్తికెక్కేదాకా విసురుతూనే ఉన్నాను. నాచు తగిలింది, ఒక ప్లాస్టిక్ సంచి తగిలింది. కాకా మాత్రం విసుక్కోకుండా, "మెల్లగ కానియ్యుండ్రి సారూ" అని నన్నే ఓదారుస్తూ కూర్చున్నారు. ఆ ఓదార్పు భరించలేకపోయాను. అక్కడ క్యాంప్‌లో మసాలా నూరి పన్నెండు మంది ఎదురు చూస్తున్నారు. "రొయ్యలు అయిపోయాయండీ, ఇప్పుడే తెస్తా" అని అబద్ధమాడి ఊళ్ళోకి నడిచాను. ముందు హార్బరు దగ్గర చేపల అంగడికే వెళ్ళాను. అక్కడ చారలవి, చుక్కలవి, మీసాలవి బోలెడున్నాయి. ఒక్కదాని పేరూ తెలియదు. తీసుకెళ్తే "ఇదేం చాప సారూ?" అని అడుగుతారు కదా, అప్పుడేం చెప్పను? పరువు పోతుందని భయపడి బయటికొచ్చేశాను. పక్క వీధిలో ఒక బంగ్లాదేశీ బకాలా, అదే, కిరాణా కొట్టు కనిపించింది. దాని ఫ్రీజర్‌లో నా చిన్ననాటి నేస్తం, శీలావతి! ఆ ఎర్రటి రెక్కలు చూడగానే సొంత మనిషి కనిపించినంత ఆనందమైంది. కనీసం దీని పేరు నాకు తెలుసు. (తెలంగాణ వాళ్ళకి చేపల సంగతేం తెలుస్తుందిలే అన్న కోస్తా పొగరు కూడా కొంత పనిచేసిందని ఒప్పుకుంటున్నాను.)

చేప ఇటుకలా గడ్డకట్టి ఉంది. రాళ్ళ చాటున ఎండలో పెట్టి, తిప్పి తిప్పి కాచాను. పైన కాస్త మెత్తబడగానే నోటికి గాలం తగిలించి, నీళ్ళలోకి జారవిడిచి, "పడిందండోయ్!" అని అరిచాను. కాకా ఇసుకలో పరిగెత్తుకుంటూ వచ్చారు. డ్రైవర్ అన్న బండి దిగి ఫోన్‌లో వీడియో మొదలుపెట్టాడు. నేను పళ్ళు బిగపట్టి, వెనక్కి వాలి, మహా పోరాటం చేస్తున్నట్టు చక్రం తిప్పాను. శీలావతి బుద్ధిగా ఒడ్డుకొచ్చి పడుకుంది.

"తన్నుకుంటలేదేంది సారూ?" అన్నాడు డ్రైవర్ అన్న.

"చాలాసేపు లాగానండీ. అలసిపోయింది."

కాకా దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "గింత సల్లగున్నదేంది సారూ?"

"లోతులో తిరిగే చేపండి. అక్కడ నీళ్ళు చల్లగా ఉంటాయి."

"అట్లనా" అని మాత్రం అన్నారు. క్యాంప్‌కి వచ్చాక పులుసు ఆయనే వండారు. మెంతులు వేయించి, చింతపండు చిక్కగా పిండి, చివర్లో కొత్తిమీర చల్లి దించితే క్యాంప్ అంతా ఘుమఘుమలాడింది. పన్నెండు మందీ లొట్టలేసుకుంటూ తిని నన్ను పొగిడారు. "సముద్రం చాప రుచే వేరు" అని ఒకాయన తీర్పు కూడా చెప్పాడు. నేను వినయంగా తల వంచుకుని ఇంకో ముక్క వేయించుకున్నాను.

కంచాలు కడిగే చోట కాకా నా పక్కకొచ్చి నిలబడ్డారు. చుట్టూ ఎవరూ లేరు. "రవ్వ మంచిగున్నది. ఏ బకాలల వడ్డది?" అన్నారు మెల్లగా. శీలావతిని వాళ్ళ వైపు రవ్వ అంటారట. "మా ఊరి చెరువుల ఏటేటా గివే వడ్తం. పొట్ట కోస్తె లోపట ఐసు గడ్డలున్నయ్. సముద్రం ఎంత లోతుకు వోతె మాత్రం అంత ఐసు ఉంటదా?"

చేతిలో కంచం పక్కన పెట్టేశాను. అంతా ఒప్పేసుకున్నాను, పిక్నిక్‌లతో సహా. కాకా గోడకి ఆనుకుని ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వారు. తర్వాత ముఖం తుడుచుకుని, "నవ్వు సంగతి సరే. ఇంటికి వోయినంక దినాం రవ్వనే తింట. మనవరాలు అడిగితే ఏం జెప్పాలె?" అన్నారు. తిట్టినా బాగుండేది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఒక పెద్దమనిషి పద్దెనిమిదేళ్ళ కోరికని నేను నా గొప్ప కోసం ఫ్రీజర్‌లోంచి తీసి ఇచ్చాను.

ఆయన నా వీపు మీద ఒక్క చరుపు చరిచారు. "ఇంకా పొద్దున్నది. లే పిల్లగా, యల్లా!" అప్పటిదాకా సారూ అన్న మనిషి పిల్లగా అన్నారు. నాకదే హాయిగా అనిపించింది.

మళ్ళీ అదే ఒడ్డు. కాకా గాలం కర్రని బండిలోనే వదిలేశారు. దాని దారాన్ని ఖాళీ నీళ్ళ సీసాకి చుట్టి, చివర సైటులో దొరికే ఇనుప నట్టు ఒకటి బరువుకి కట్టారు. అయిపోయాయని నేను చెప్పిన రొయ్యలు సంచిలో అలాగే ఉన్నాయి (వాసన పెరిగింది). మోకాళ్ళ లోతుకి నడిచి, చేత్తో గిర్రున తిప్పి వదిలి, దారాన్ని వేలి మీద వేసుకుని కదలకుండా నిలబడ్డారు. చెరువు దగ్గర నేర్చుకున్న పద్ధతి అంతే. సూర్యుడు దిగే వేళకి ఆ వేలు ఒక్కసారి ఎగిరింది. అరచేయంత చేప, ఇక్కడివాళ్ళు దాన్ని షేరి అంటారని తర్వాత తెలిసింది. వెండిలా మెరుస్తూ, అలసట అన్నది లేకుండా గిలగిల తన్నుకుంది. కాకా దాన్ని పట్టుకుని మనవరాలికి వీడియో కాల్ చేశారు. "సూడు బిడ్డా, దుబాయ్ సముద్రం చాప! గీ సారు నేర్పిండు, నేను వట్టిన!" అన్నారు. ఫోన్ నా వైపు తిప్పితే చెయ్యి ఊపాను.

ఇప్పుడు నేను అల్ వక్రాలోనే కాపురముంటున్నాను, మెట్రో ఎక్కి వెస్ట్ బే ఆఫీసుకి వెళ్తాను. శుక్రవారం పొద్దున నీళ్ళ సీసాకి చుట్టిన దారం పట్టుకుని ఒడ్డుకి పోతాను. ఎక్కువసార్లు ఏమీ పడదు. ఇంటికొచ్చేసరికి కాకా ఫోన్ మోగుతుంది, "ఏం వడ్డది పిల్లగా?" అని. నేను ఫ్రీజర్ తెరిచి ఒక శీలావతిని తీసి కెమెరా ముందు పెడతాను. మొన్న ఆయన భుజం వెనక నుంచి, కాలేజీకొచ్చిన మనవరాలు తొంగి చూసి, "అంకుల్, దాన్ని జెర ఎండల వెట్టుండ్రి. మస్తు అలసిపోయినట్టున్నది" అంది. చేపలు పట్టడం ఒక్కటి తప్ప మిగతా అన్నీ తెలిసిన ఆ ఇరవై మూడేళ్ళ పిల్లాణ్ణి తలుచుకుని, చేతిలో చేప కరిగి నీళ్ళు కారుతున్నా, చాలాసేపు నవ్వుకున్నాను.